"నా కృప నీకు చాలును" అంటారు, మరి నాకెందుకు చాలడం లేదు?

గుణుపురం_కోడలు:
అందరికీ వందనాలు. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మాది రాయగడ జిల్లా గుణుపురం. పోయినేడు దసరా ముందు మా మామగారికి పక్షవాతం వచ్చింది, కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట ముద్దముద్దగా వస్తుంది. మా ఆయన విశాఖలో కాంట్రాక్టు పని, పదిహేను రోజులకోసారి వస్తారు. ఇంట్లో నేను, అయిదో తరగతి చదివే బాబు, మంచం మీద మామగారు. మధ్యలో జాకెట్లు కుడతాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని ఒక బైబిలు వాక్యం రాసి ఉండేది) తీస్తే నాకు ఇదే వచ్చింది, "నా కృప నీకు చాలును". ఎంత సంతోషపడ్డానో, తెచ్చి బీరువా అద్దానికి అంటించాను. ఇప్పుడు జుట్టు దువ్వుకుంటుంటే ఆ కార్డు నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉంటోంది.

మొన్న నాలుగు రోజులు ఒకటే వాన. దుప్పట్లు ఆరవు. రాత్రి మూడింటికి లేచి పక్క మార్చాను, ఫ్యాను కింద రెండు కుర్చీల మీద ఆరేసినదే కాస్త చెమ్మగా ఉన్నా అదే వేశాను, వేరేది లేదు. నీళ్ళు అడిగారు, తాగిస్తుంటే ఆయన చెయ్యి తగిలి గ్లాసు మొత్తం ఆ దుప్పటి మీదే ఒలికింది. ఆ స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టాను. ఆయన్ని ఏమీ అనలేదు. కానీ ఆయన ఏడ్చారు, ఏడుపు ఒక పక్కకే వస్తుంది ఆయనకి. బాబు లేచి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఈ మాట గృహకూడికలో చెప్పుకుంటే ఒకావిడ "కృపలో ఉన్నవాళ్ళకి అలసట తెలియదమ్మా, నీకెక్కడో విశ్వాసం తగ్గింది" అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టిన కాసేపు కూడా పట్టడం లేదు. కృప బలం ఇస్తుందని అందరూ అంటారు కదా, అది ఎలా వస్తుంది, వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? ఎవరైనా నిజంగా అనుభవించినవాళ్ళు చెప్పండి, ప్రసంగం వద్దు.

రెహోబోతు77:
సిస్టర్, మూడు రోజులు ఉపవాసం ఉండి కన్నీటితో ప్రార్థించండి. కృప పొంగి పొర్లుతుంది. ఆమేన్.

గుణుపురం_కోడలు:
అన్నా, ఆయన డెబ్బై కిలోలు ఉంటారు. ఉపవాసం ఉంటే ఎవరు లేపుతారు?

పర్లాకిమిడి_మాస్టారు:
అమ్మా, నేను రిటైరైన బడి పంతుల్ని. ప్రసంగం వద్దన్నావు కానీ ఆ వాక్యం నీకు సగమే అందిందనిపించి రాస్తున్నాను.

కార్డు మీద ఒక ముక్కే ఉంటుంది, దాని ముందు ఏముందో ఉండదు. రెండవ కొరింథీ 12లో పౌలు "శరీరములో ఒక ముల్లు" అంటాడు. జబ్బో, మనుషుల పోరో, అది ఏమిటో ఆయన చెప్పలేదు, పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అది పోవాలని "ముమ్మారు ప్రభువును వేడుకొంటిని" అన్నాడు. పోలేదు. పోనందుకు వచ్చిన జవాబే నీ కార్డు మీద ఉన్నది. అంటే ఈ మాట విన్నవాడు అప్పటికే అలిసిపోయి, మూడుసార్లు అడిగి, కాదనిపించుకున్నవాడు. అలసట తెలియనివాడికి ఈ వాక్యంతో పనే లేదు. మీ కూడికలో ఆవిడకి నా తరఫున ఈ మాట చెప్పు, గట్టిగా కాదు, మెల్లిగానే.

ఇంకొకటి. మాది పర్లాకిమిడి, 1936లో ఒడిశాలో కలిసింది, అప్పటి నుంచి మా ఇళ్ళలో తెలుగు బైబిలూ బళ్ళో ఒడియా చదువూ. "చాలును" అనే మాట మన చెవికి కొంచెం బిగుతుగా వినిపిస్తుంది, జీతం చాలుతుందా అంటే ఏదో చాలుతుందిలే అన్నట్టు. ఒడియా బైబిల్లో కృపకి అనుగ్రహ అని ఉంటుంది, చాలును అన్నచోట "యథేష్ట" అని ఉంటుంది. ఒడియాలో దానికి సరిపడా అనే అర్థం, తెలుగువాడి చెవికేమో కావలసినంత, కోరుకున్నంత అని వినిపిస్తుంది. కుర్రప్పుడు ఒడియా చర్చిలో ఆ మాట విని, దేవుడు ఒడియావాళ్ళకి ఎక్కువ వడ్డించాడు అనుకున్నాను.

ఎలా తెలుస్తుంది అన్నావు. నాకు తెలిసినంతవరకు ముందు రోజు తెలియదు. నిర్గమకాండం 16లో మన్నా, అదే ఆకాశం నుంచి కురిసిన ఆహారం, చూడు, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాచుకున్నవాళ్ళది పురుగు పట్టి కంపు కొట్టింది, విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రమే రెండింతలు. మా ఇంటావిడ క్యాన్సరుతో పదకొండు నెలలు ఉంది. ఆ పదకొండు నెలలు మోయగలవా అని ముందే ఎవరైనా అడిగుంటే పారిపోయేవాణ్ణి. పొద్దున లేచేసరికి ఆ పూటకి ఎలాగో అయ్యేది. మధ్యాహ్నానికి మళ్ళీ ఖాళీ. వెనక్కి తిరిగి చూస్తేనే ఇన్నాళ్ళు నడిచానా అనిపించింది.

కొరాపుట్_కొండగాలి:
మాస్టారూ మీ మాటలు బాగున్నాయి, కానీ ఒక చోట నాకు అభ్యంతరం ఉంది, రాయకపోతే పొట్ట ఉబ్బేలా ఉంది.

మేము లూథరన్లం. 1882లో జర్మనీలోని బ్రెక్లం నుంచి వచ్చిన మిషనరీలు కొరాపుట్లో పెట్టిన సంఘం మాది. కృప అనగానే బలం బలం అని మొదలెడితే అదొక టానిక్ బాటిల్ అయిపోతుంది, తాగినా ఓపిక రాకపోతే బాటిల్ నకిలీదా, తాగినవాళ్ళది తప్పా అని గొడవ. అక్కకి జరిగింది అదే కదా. కృప అంటే ముందు మనం ఏమీ చెయ్యకముందే దేవుడి మనసు మన వైపు ఉండడం. ఎఫెసీ 2:8, "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." 1529లో జర్మన్ మతసంస్కర్త లూథర్ పిల్లల కోసం, ఇంటి పెద్దల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, పరిశుద్ధాత్మ గురించిన భాగం ఎలా మొదలవుతుందో తెలుసా, నా సొంత బుద్ధితో గానీ బలంతో గానీ నేను క్రీస్తును నమ్మలేను అని. నమ్మడమే సొంత బలంతో కాదంటే, ఇంక విశ్వాసం తగ్గింది, పెంచుకో అని అలిసిపోయిన మనిషి మీద మోపడమేంటి?

అక్కా, ఆ రాత్రి మూడు గంటలకి, గ్లాసు గోడకి తగిలిన ఆ క్షణంలో, దేవుడు మీ మీద ముఖం చిట్లించుకున్నాడని మీరు అనుకుంటున్నారు. నిద్ర పట్టనిది దానికే, పని భారానికి కాదేమో. ఆ క్షణంలో కూడా మీరు ఆయన బిడ్డే. ముందు అది వినండి. బలం సంగతి తర్వాత చూద్దాం.

అలాగని ఏం చేసినా పర్లేదు, కృప ఉందిగా అనే బ్యాచ్ కూడా ఉన్నారు, మా హాస్టల్లోనే ఇద్దరు. బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు దాన్ని చౌక కృప అన్నాడు, మాట మీద నిలబడి 1945లో నాజీల చేతిలో ఉరికంబం ఎక్కినవాడు కాబట్టి ఆయనంటే నప్పుతుంది. మీకు ఆ హెచ్చరిక అక్కర్లేదు, మీరు రాసింది చూస్తేనే తెలుస్తోంది.

పర్లాకిమిడి_మాస్టారు:
బాబూ, నువ్వన్నది ఒప్పుకుంటాను, వరస నువ్వు చెప్పిందే సరి. కానీ బలాన్ని మరీ వెనక్కి నెట్టకు. మొదటి కొరింథీ 15:10లో పౌలు కృప వల్లనే నేను ఇలా ఉన్నాను అని, వెంటనే "వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని" అంటాడు, మళ్ళీ నాలిక కరుచుకున్నట్టు "ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే" అంటాడు. క్షమాపణతో ఆగిపోయేదైతే తోడైయున్న అనే మాట ఎందుకు? దుప్పటి మార్చేటప్పుడు పక్కన నిలబడేది కూడా కృపే.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
నేను బరంపురంలో నర్సుని, కతోలికురాలిని. మీ ఇద్దరి వాదన డ్యూటీలో టీ తాగుతూ చదివాను. మేము కృప అనం, వరప్రసాదం అంటాం, "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని రోజూ చెప్పుకునే మాటే. మా దగ్గర 13వ శతాబ్దపు తోమా అక్వినాసు మాట ఒకటి ఉంది, వరప్రసాదం మనిషి స్వభావాన్ని తుడిచెయ్యదు, దాన్ని పరిపూర్ణం చేస్తుంది అని. అంటే నిద్ర కావాల్సిన ఒంటికి నిద్ర కావాల్సిందే.

చెల్లీ, మొదటి రాజులు 19 తెరిచి ఏలీయా ప్రవక్త కథ చదువు. కర్మెలు కొండ మీద అంత చేసిన మనిషి, యెజెబెలు రాణి చంపుతానంటే అడవిలోకి పరుగెత్తి చెట్టు కింద పడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. చూశావా, ఆయనా చాలును అన్నాడు, నీ కార్డు మీద ఉన్న మాటే, కానీ నీలాగ విసిగిపోయి. దేవుడు ఆయన్ని తిట్టలేదు. విశ్వాసం ఏదీ అని అడగలేదు. దూత వచ్చి తట్టి లేపాడు, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి. తిని మళ్ళీ పడుకున్నాడు! రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అన్నాడు దూత. శక్తికి మించిందని దేవుడి వైపు నుంచే ఒప్పుకోలు వచ్చింది, నువ్వెందుకు కాదంటావు? నలభై రోజుల నడక, హోరేబు కొండ దగ్గర దేవుడితో మాటలు, అన్నీ తిండీ నిద్రా అయ్యాకే.

ఇప్పుడు నర్సు మాట. మంచం మీద కింద రబ్బరు షీటు, దాని మీద పాత కాటన్ చీర నాలుగు మడతలు పెట్టి నడుము కిందకి వచ్చేలా అడ్డంగా వెయ్యి. తడిస్తే ఆ ముక్క ఒక్కటే తీస్తే చాలు, మొత్తం దుప్పటి మార్చక్కర్లేదు, వానల్లో కూడా త్వరగా ఆరుతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిల్లేలా తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. ఈడ్చకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. పడుకున్న మనిషికి గ్లాసుతో నీళ్ళు పట్టకు తల్లీ, పక్షవాతం వాళ్ళకి పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టి చెంచాతో కొంచెం కొంచెం, దగ్గు వస్తే ఆపి డాక్టరుకి చెప్పు. ఒలకదు కూడా.

ఏలీయాకి దూత దొరికాడు. మనకి మనుషులే. మీ సంఘంలో ఎవరినైనా నోరు తెరిచి అడిగావా? ప్రార్థించండి అని కాదు, మంగళవారం రెండు గంటలు కూర్చోండి అని.

గుణుపురం_కోడలు:
అడగలేదక్కా. సిగ్గు. మా ఇంటి వాసన వాళ్ళకి తెలుస్తుందని.

కొరాపుట్_కొండగాలి:
సిస్టర్ గారు ఒక్క చీర మడతతో మా థియాలజీ మొత్తం పక్కన పెట్టేశారు. మాస్టారూ, మనిద్దరం టీ తాగుదాం పదండి.

గుణుపురం_కోడలు:
(తొమ్మిది రోజుల తర్వాత) ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో. మా సంఘం పాస్టరు అయ్యగారి భార్యకి ఫోన్ చేసి అడిగాను, మాట బయటికి రావడానికి పది నిమిషాలు పట్టింది. మంగళవారం ఇద్దరు వచ్చారు. ఒకావిడ ఎవరో తెలుసా, విశ్వాసం తగ్గింది అన్నావిడే. వచ్చి ఏమీ మాట్లాడలేదు, కొంగు నడుముకి చెక్కి మామగారి కాళ్ళకి కొబ్బరినూనె రాసింది. నేను రెండింటి నుంచి అయిదింటి దాకా పడుకున్నాను, బాబు బడి నుంచి వచ్చి లేపితే ఏ పూటో తెలియలేదు.

మామగారికి సారీ చెప్పాను. ఆయన ఎడమ చేత్తో నా తల మీద రెండుసార్లు తట్టారు. ఏదో అన్నారు, సగమే అర్థమైంది.

బలం వచ్చిందా అంటే తెలియదు. నిన్న రాత్రి మళ్ళీ విసుక్కున్నాను, గ్లాసు మాత్రం లేదు, చెంచాయే. చీర మడత బాగా పనిచేస్తోంది అక్కా. మాస్టారూ, మీ ఒడియా బైబిల్లో ఆ యథేష్ట ఉన్న పేజీ ఒక ఫొటో తీసి పెట్టండి, ఎదురింటి ఒడియా ఆవిడ రోజూ మామగారి కోసం పఖాళ్ (చద్దన్నం) నీళ్ళు పంపిస్తుంది, ఆవిడకి చూపించాలి. గంజి దించే టైమైంది, ఉంటాను.