అప్‌డేట్: ధవళేశ్వరం నుంచి ద్రాక్షారామం, కాలవ గట్ల మీదుగా

మొన్న అడిగాను కదండీ, లారీలు లేకుండా గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల్లో వాడే సైకిల్) తొక్కే దారి ఉందా, కొండ కూడా తగలాలి అని. డెల్టాలో కొండేంటండీ అని నవ్వారు. ఉందండోయ్, చిన్నదే! ధవళేశ్వరంలో జనార్దనస్వామి గుడి ఉన్న కొండ ఎక్కి, ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరిట ఉన్న మ్యూజియం బయట నుంచే చూసి (పొద్దున్నే తెరవరుగా), కాలవ లాకుల (నీటిని ఆపి వదిలే తలుపుల) దగ్గర గట్టు ఎక్కేశాను. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట ఇప్పుడు లేదు, దాని స్థానంలో బ్యారేజీ ఉంది, కానీ నేను తొక్కిన గట్లు ఆ ఆనకట్ట పుణ్యమే.

కడియం నర్సరీల దాకా హాయిగా సాగింది, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పూల మొక్కలు, ఎదురైనవి గేదెలే. అసలు కష్టం తర్వాత మొదలైంది. ముందు రోజు రాత్రి వాన పడింది, గట్టు మీద రేగడి మట్టి 40 ఎంఎం టైరుకి అంటుకుని ఫోర్క్‌లో (ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీల మధ్య) ఇరుక్కుపోయి చక్రం తిరగలేదు, పుల్లతో గీకుతూ అరగంట. టైర్లలో గాలి కొంచెం తగ్గించమని మీలో సలహా ఇచ్చినవారి మాట గులక రాళ్ళ మీద బాగా పనిచేసింది, బురదలో మాత్రం పనికిరాలేదు. తుమ్మ ముల్లు కూడా దిగింది, ట్యూబ్‌లెస్ కాబట్టి సీలెంట్ (టైరు లోపల పోసే, చిల్లు పూడ్చే ద్రవం) కాపాడింది.

ద్రాక్షారామం చేరేసరికి పదకొండు, ఎండ మాడ్చేస్తోంది. భీమేశ్వరుడి గుడి మండపంలో రాతి నేల చల్లదనానికి కదలబుద్ధి కాలేదు. తిరుగు ప్రయాణం? సైకిల్ ఆటోలో వేసుకుని వచ్చేశాను ఆయ్.

ఈసారి వాన పడ్డాక రెండు రోజులు ఆగి, పి.గన్నవరం అక్విడెక్ట్ (నది మీదుగా కాలవను దాటించే వంతెన) వైపు వెళ్తాను.