పాయింట్ షూస్ ఇప్పుడే కొనాలా? బ్యాలే, ఆరుబయట చిత్రలేఖనం, సాధన గురించి ఒక సందేహం

పున్నమి ఘాట్ (విజయవాడ):

అందరికీ నమస్కారం. మేము భవానీపురంలో ఉంటాం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. పోయిన వేసవి సెలవుల్లో బ్యాలే వీడియోలు చూడటం మొదలుపెట్టినప్పటి నుంచి, మునివేళ్ల మీద నిలబడటానికి వాడే పాయింట్ షూస్ ఆన్‌లైన్‌లో తెప్పించమని అడుగుతోంది. వాకబు చేసినంతలో మా చుట్టుపక్కల బ్యాలే నేర్పేవారు దొరకలేదు. వీడియోలు చూసి నేర్చుకుంటానంటుంది. నేను ఒప్పుకోలేదు.

ఇక నా సంగతి. రెండేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఘాట్ మెట్ల మీద కూర్చొని ప్రకాశం బ్యారేజీని నీటిరంగుల్లో వేస్తున్నాను. వందకు పైగా కాగితాలు ఖర్చయ్యాయి. దాచుకోదగినవి నాలుగో ఐదో ఉంటాయి. షూస్ వద్దన్న రోజున మా అమ్మాయి, "గురువు లేకుండా మీరు రెండేళ్లుగా ఒకే బ్యారేజీని పాడుచేస్తున్నారు కదా నాన్నా, మీది సాధన, నాదేమో సరదానా?" అంది. కోపం రాలేదు కానీ జవాబూ రాలేదు. సరంజామా ముందు కొనుక్కొని, గురువు లేకుండా మొదలుపెట్టడం చిత్రలేఖనంలో చెల్లి, బ్యాలేలో చెల్లకపోవడానికి సరైన కారణం ఉందా, లేక ఇది నాకొక న్యాయం, పిల్లకొక న్యాయమా? తెలిసినవారు చెప్పగలరు.

అరమండి (గుంటూరు):

నేను కూచిపూడి నేర్పుతాను. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో రెండేళ్లు బ్యాలే తరగతులకు కూడా వెళ్లాను. షూస్ కొనకండి. అయితే కారణాన్ని మీ అమ్మాయికి తెలిసిన భాషలోనే చెప్పండి: ఇత్తడి పళ్లెం. కూచిపూడిలో తరంగం అనే అంశంలో పళ్లెం అంచుల మీద నిలబడి జతులు (లయకు తగ్గ అడుగుల వరుసలు) వేయాలని ప్రతి పిల్లకూ చేరిన మొదటి నెలలోనే ఉంటుంది. అడుగులు మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) నిలిచి, మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టుండే అరమండి అంశం చివరిదాకా సడలకుండా ఉండే వరకు ఏ గురువూ పళ్లెం చేతికివ్వరు. పాయింట్ షూ కూడా అలాంటి పళ్లెమే.

దాని కొనలో చెక్కో ఇనుమో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సంప్రదాయంగా చేసే షూలో ఉండేది గుడ్డ, కాగితం పొరలను జిగురుతో అంటించి గట్టిపరచిన డిప్ప, అరికాలి కింద ఒక బిగువైన పట్టీ, అంతే. పెద్ద బృందాల్లో ముఖ్యపాత్రలు వేసే నర్తకి కాళ్ల కింద ఒక జత ఒక్క ప్రదర్శనకే మెత్తబడిపోవచ్చు. 1832లో పారిస్‌లో 'లా సిల్ఫీద్' అనే బ్యాలే ద్వారా నర్తకి మారీ తాల్యోనీ మునివేళ్ల నాట్యానికి పేరు తెచ్చినప్పుడు ఆ డిప్ప కూడా లేదు. కుట్లతో బిగించిన మెత్తని శాటిన్ జోళ్లతోనే ఆమె లేచింది. మనిషిని పైకి నిలబెట్టేది చీలమండ, పిక్క, తుంటి, నడుము. షూ ఊతం మాత్రమే. అందుకే కొన్నేళ్ల బ్యాలే శిక్షణ పూర్తయిన పిల్లలకు, మామూలుగా పదకొండు పన్నెండేళ్ల వయసు వచ్చాక, గురువు స్వయంగా కాళ్లు చూసి అనుమతిస్తారు. ఉత్త పాదంతో ఒంటికాలిపై మడమ ఎత్తి, మోకాలు వంగకుండా, చీలమండ పక్కకు ఒరగకుండా పదేపదే లేచి దిగగలగడం ఆ పరీక్షలో ఒక భాగం. ఇంట్లో చేయించి చూడండి. నాలుగోసారికే వణుకు మొదలవుతుంది.

ఆరేళ్ల కూచిపూడి వృథా కాదు, కానీ సరిపోదు. అరమండికీ, బ్యాలేలో మోకాళ్లు వంచే ప్లియేకీ పైకి పోలిక కనిపిస్తుంది; రెండింటిలోనూ మోకాళ్లు పక్కలకు తెరుచుకోవాలి, ఆ తెరుచుకోవడం పాదాలను మెలితిప్పడం వల్ల కాక తుంటి నుంచి రావాలి. తేడా ఏమిటంటే, మనం అరమండిలోనే ఉండి నేలను కొడతాం, వాళ్లు చాలామటుకు పైకి లేవడానికే ప్లియేలోకి దిగుతారు. పేరుమోసిన నర్తకి కూడా ఉదయం తరగతిలో బార్ (ఊతానికి పట్టుకునే కడ్డీ) పట్టుకొని, చేరిన ఏడాది నేర్చుకున్న ఆ ప్లియేతోనే మొదలుపెడుతుంది. నాకు ఆ తరగతుల్లో అర్థమైన సాధన అదే. (ఆ రెండేళ్లలో నాకు ఒంటికాలిపై గిర్రున తిరిగే పిరుయెట్ ఒక్కటి కూడా శుభ్రంగా కుదరలేదని ఒప్పుకోవాలి.)

ఇంకొక మాట. రుక్మిణీదేవి అరుండేల్ కూడా ముందు బ్యాలే మీద మనసుపడి, రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర నేర్చుకున్నారు. తరువాత భరతనాట్యానికి వచ్చి 1936లో కళాక్షేత్ర అనే నాట్య విద్యాసంస్థను స్థాపించారు. కాబట్టి అమ్మాయి కోరికను తుంచకండి. మెత్తని బ్యాలే స్లిప్పర్లు కొనివ్వండి. ఆన్‌లైన్‌లోనే అయినా, ఎదురుగా చూసి తప్పు దిద్దే గురువును వెతకండి. మూడు నెలలపాటు కిటికీ గట్టు పట్టుకొని రోజూ ఇరవై నిమిషాలు ప్లియే, పాదాన్ని నేల మీదుగా చాచే తాందూ చేస్తే, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

గొడుగు కింద (తెనాలి):

అరమండి గారి మాట నాట్యానికి సరైనదే. మా పని తీరు వేరు. చెడిపోయిన కాగితం ఎవరి చీలమండనూ విరగ్గొట్టదు కనుక, ఆరుబయట బొమ్మ వేసేవాడు అర్హత వచ్చేదాకా ఆగితే ఆ అర్హత ఎప్పటికీ రాదు. నాట్యంలో నిరీక్షణ సాధనలో భాగం. ఇక్కడ నిరీక్షణ ఒక సాకు. సరంజామా ముందు రావడం కూడా మాకు తప్పు కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు గొట్టానికి పేటెంటు తీసుకోక ముందు నూనెరంగులను పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు. మూత తిప్పి మూసే గొట్టం వచ్చాకే రంగులు సంచిలో వేసుకొని పొలాలకు పోవడం సులువైంది.

కానీ మీ వంద కాగితాల విషయంలో మీ అమ్మాయి పక్షమే నాది. ఒకే బ్యారేజీని వేయడం తప్పు కాదు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1892, 1893లలో రువాన్ నగరంలోని చర్చి ముఖభాగాన్ని ముప్పైకి పైగా కాన్వాసుల మీద వేశాడు. అయితే అతను ఒకే కాన్వాసు పట్టుకొని రోజంతా సూర్యుణ్ణి తరమలేదు. వెలుగు మారగానే దాన్ని పక్కన పెట్టి, ఆ వెలుగుకు సంబంధించిన మరో కాన్వాసు అందుకునేవాడు, చివరి మెరుగులు ఇంట్లో దిద్దుకున్నాడు. మీరు బహుశా ఆరింటికి మొదలుపెట్టిన కాగితాన్నే ఎనిమిదింటి దాకా దిద్దుతూ ఉంటారు. పున్నమి ఘాట్ నుంచి చూస్తే ఉదయపు ఎండ బ్యారేజీ వెనుక నుంచి వస్తుంది. మొదటి అరగంటలో మొత్తం ఒకే నల్లటి గీతలా ఉన్నది, తరువాత విడివిడి స్తంభాలుగా తేలుతుంది. ఆ రెండూ ఒక కాగితంలో ఇమడవు. పోస్టుకార్డు కంటే కాస్త పెద్ద ముక్కలు మూడు తీసుకొని, ఒక్కొక్కదానికి అరగంట మించి ఇవ్వకండి. డెబ్బై గేట్లనూ లెక్కపెట్టే పని మానేయండి. మే నెలలో నీటిరంగు కుంచె తిప్పేలోపే ఆరిపోతుంది, జనవరి మంచులో ఎంతసేపటికీ ఆరదు. అందుకు తగ్గట్టు కాగితం ముందే తడపాలో వద్దో మీరే తేల్చుకోవాలి. తెల్లకాగితం మీద ఎండ పడనివ్వకండి, కళ్లు చెదిరి రంగులు అవసరానికి మించి ముదురుగా వేస్తారు.

మా పక్కనే తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు (1914–1999) ఆ పల్లెలో ఉంటూనే ప్రకృతి దృశ్యాలు వేశారు, కళ గురించి రాశారు. చూసిన చోటునే మళ్లీ చూడటాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. సరదాకు ఒకటి: జీవితమంతా బ్యాలే అమ్మాయిలను వేసిన ఫ్రెంచి చిత్రకారుడు దెగా, ఆరుబయట ఈజిల్ (బొమ్మ నిలబెట్టే చట్రం) వేసుకునేవారిని ఎద్దేవా చేసేవాడు. మీ ఇంటి తగవు పారిస్‌లో ఎప్పుడో జరిగింది.

పాత గుంటూరు:

ఇద్దరూ చెప్పనిది ఒకటి చెబుతాను. చిన్నప్పుడు నాట్యం నేర్చుకుంటూ మోకాలి కింద ఎముక నొప్పి అంటే, ఓర్చుకోవడమే సాధన అన్నారు. సిమెంటు నేల మీద ఎనిమిది నెలలు ఓర్చుకున్నాను, తరువాత ఏడాదిన్నర పూర్తిగా మానేయాల్సి వచ్చింది. బ్యాలే శాలల్లో కింద కాస్త స్ప్రింగులా ఇచ్చే చెక్క నేల వేస్తారు. అపార్ట్‌మెంటు టైల్స్ మీద గెంతులు వేయించకండి. కండరం అలసినప్పటి మంట వేరు, ఒకే చోట పొడిచే నొప్పి వేరు. రెండోది వస్తే ఆ రోజుకు ఆపాలి. పెద్దాయనకూ ఇదే వర్తిస్తుంది: మన ఎండల్లో తొమ్మిది తరువాత ఘాట్ మెట్ల మీద కూర్చోవడం పట్టుదల కాదు, వడదెబ్బ.

పున్నమి ఘాట్ (విజయవాడ):

అందరికీ కృతజ్ఞతలు. పళ్లెం పోలిక చెప్పగానే మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనే ఒంటికాలి పరీక్ష చేసుకుంది. కుడికాలు ఆరుసార్లు, ఎడమకాలు మూడు. గొడుగు కింద గారు ఊహించింది నిజమే, ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒకే కాగితం. ఈ ఆదివారం మూడు ముక్కలు పట్టుకెళ్లాను. రెండోది పరవాలేదు, మూడోది వేసేటప్పటికి స్తంభాల నీడలు నీటిలో కురచబడి నేను అనుకున్నది ఏదీ మిగల్లేదు. అరమండి గారూ, మెత్తని స్లిప్పర్లు వేళ్లు ముడుచుకోకుండా, అలాగని వదులుగా లేకుండా ఉండాలని చదివాను. పెరిగే వయసు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవచ్చా, లేక కాలికి సరిపడేదే తీసుకోవాలా?

అరమండి (గుంటూరు):

కాలికి సరిపడేదే తీసుకోండి. వదులైతే కింద గుడ్డ మడతపడి జారుతుంది. ఆరు నెలలకు మళ్లీ కొనవలసి వస్తుంది, తప్పదు.