జనవరిలో ఇథియోపియా: టీకా, తిండి, టైమ్ గురించి చెప్పండి

ప్రశ్న: అమ్మానాన్నలతో హైదరాబాద్ నుంచి వెళ్తున్నాం. తిమ్‌కత్ పండగ (యేసు బాప్తిస్మం వేడుక), రాతిని తొలిచి కట్టిన చర్చిలున్న లాలిబెలా ఊరు చూడాలి. నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు. ముందుగా ఏం చూసుకోవాలి?

జవాబు 1: మొదట ఎల్లో ఫీవర్ టీకా అండీ. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. వేసుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. పెద్దవాళ్లకు 60 దాటితే డాక్టరుతో మాట్లాడాకే వేయించండి.

జవాబు 2: నాన్నగారికి తిండి ఇబ్బంది ఉండదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం. మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు ఉండవు. మిగతా రోజుల్లోనూ "యెత్సోమ్" (ఉపవాస భోజనం) అని అడగండి. అడక్కపోతే శనగపిండి కూర షిరోలో కూడా మసాలా నెయ్యి పడొచ్చు. అక్కడి రొట్టె ఇంజెరా మన దోసె లాంటిదే, కానీ తెఫ్ అనే చిరుధాన్యం పిండిని రెండు మూడు రోజులు పులియబెడతారు. పెనం మీద అంచు నుంచి మధ్యకు తిప్పుతూ పోసి, మూతపెట్టి ఒకవైపే కాలుస్తారు. పైన కళ్లు కళ్లుగా ఉంటుంది, పులుపు ఎక్కువే. కుడిచేత్తో తుంచి తినడమే.

జవాబు 3: టైమ్ దగ్గర జాగ్రత్త! అక్కడ పగటి లెక్క తెల్లవారాక మొదలవుతుంది. బస్సు "ఒంటిగంటకు" అంటే మన ఉదయం 7. తిమ్‌కత్ జనవరి 19, లీపు సంవత్సరంలో 20. లాలిబెలా ఉన్నది అమ్హారా ప్రాంతంలో, అక్కడ ఘర్షణలున్నాయి; టికెట్లకు ముందే మన విదేశాంగ శాఖ సూచనలు చూడండి. ఎత్తు దాదాపు 2,500 మీటర్లు, మొదటి రోజు మెట్లు నెమ్మదిగా. చర్చిల్లో చెప్పులు విప్పాలి, మందపాటి సాక్సులు పెట్టుకోండి.