ఎండాకాలంలో పెద్దవారిని పార్కుకు ఏ వేళ తీసుకెళ్లాలి?

ప్రశ్న: డెబ్బై దాటిన మా నాన్నగారిని మోకాళ్ల నొప్పుల వల్ల రోజూ కాసేపు నడవమని వైద్యులు చెప్పారు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన కర్నూలులో, మా వీధి పార్కుకు సాయంత్రం ఐదింటికి తీసుకెళ్లడం క్షేమమేనా?

సమాధానం 1: ఐదింటికి వద్దండి. పగలంతా ఎండను పీల్చుకున్న సిమెంటు బాట, బల్లలు పొద్దుగూకిన తర్వాత కూడా చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటాయి కాబట్టి, గాలి చల్లబడినట్టు అనిపించినా కింది నుంచి సెగ కొడుతుంది. తెల్లవారుజామునే మేలు.

సమాధానం 2: నేనూ ఉదయమే అంటాను. కానుగ చెట్లున్న వైపు నడిపించండి. అవి వేసవి ముదిరేలోపే కొత్త చిగురు తొడిగి చిక్కని నీడనిస్తాయి. మట్టి బాట ఉంటే మోకాళ్లకు ఇంకా మంచిది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. అడగకముందే ఆయనకు నీళ్లు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండి. అయితే మా పార్కు తాళం ఉదయం ఏడింటికి గాని తీయరు.

సమాధానం 1: వీధిలోని పెద్దలందరి సంతకాలతో వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి. వేసవి నెలల వరకైనా ఐదున్నరకు తెరవమని స్పష్టంగా రాయండి.