వంటింట్లో పాత ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్ఈడీ పెట్టాలా, ఉన్నవే ఉండనివ్వాలా?

వంటిల్లు_ప్రశ్న:
మా వంటింట్లో నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు రెండున్నాయి. పాత చోక్, స్టార్టర్ రకం. ఒకటి వెలిగేముందు చాలాసేపు కొట్టుకుంటుంది, వెలిగాక కూడా చోక్ గుయ్యిమంటూనే ఉంటుంది. రెండోది బాగానే ఉంది. ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకరు రెండూ పీకేసి ఎల్ఈడీ పెట్టేద్దామంటున్నారు. ఇంకొకరు వెలుగుతున్నదాన్ని పారేయడం ఎందుకు, చోక్ మార్చుకుంటే చాలదా అంటున్నారు. ఒకవేళ ఎల్ఈడీ అయితే పాత పట్టీలోనే (ట్యూబ్ బిగించే ఫ్రేమ్) ఎల్ఈడీ ట్యూబ్ పెట్టాలా, పట్టీతో సహా మార్చాలా? తెలిసినవాళ్లు కారణాలతో చెప్పండి.

తీగలపని:
ఇళ్లల్లో వైరింగ్ పని చేస్తాను. రెండూ మార్చండి, పట్టీతో సహా మార్చండి.

ట్యూబ్ మీద 36 వాట్లు అని రాసి ఉన్నా పాత చోక్ ఇంకో 8 నుంచి 10 వాట్లు వేడి రూపంలో తినేస్తుంది. అంటే ఒక్కో లైటు 45 వాట్ల దాకా లాగుతున్నట్టు. అదే పొడవు ఎల్ఈడీ పట్టీకి 18 నుంచి 20 వాట్లు చాలు. పైగా వంటింట్లో లైటు మాటిమాటికీ వేసి ఆపుతుంటాం. ట్యూబ్ వెలిగిన ప్రతిసారీ రెండు చివర్లలో ఉండే ఫిలమెంట్ పూత కొంచెం అరుగుతుంది. చివర్లు నల్లబడేది అందుకే. ఎల్ఈడీకి ఆ బాధ లేదు.

పాత పట్టీలో ఎల్ఈడీ ట్యూబ్ పెట్టడం నాకు నచ్చదు. ఆ ట్యూబులు పైకి ఒకేలా కనిపిస్తాయి, కనెక్షన్లు మాత్రం వేరు. కొన్నింటిని చోక్ అలాగే ఉంచి, స్టార్టర్ తీసి, దాని చోట ట్యూబ్‌తో పాటు వచ్చే డమ్మీ స్టార్టర్ పెట్టాలి. కొన్నింటికి చోక్ పూర్తిగా తప్పించి నేరుగా కరెంటు ఇవ్వాలి. అందులో మళ్లీ ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇచ్చేవి కొన్ని, చెరో చివర ఇచ్చేవి కొన్ని. ఒక రకానికి చేసిన వైరింగ్‌లో ఇంకో రకం పెడితే షార్ట్ కావచ్చు. చోక్ తీసేసిన పట్టీలో రేపు తెలియనివాళ్లెవరైనా పాత ట్యూబ్ పెడితే అదీ ప్రమాదమే.

పాతవెలుగు:
వైరింగ్ ప్రమాదం గురించి తీగలపని గారు చెప్పింది నిజం. కానీ "రెండూ మార్చండి" అన్న మాట ఒప్పుకోను.

ట్యూబ్‌లైట్‌లో చెడేవి మూడే: ట్యూబ్, చోక్, స్టార్టర్. ఏది పోతే అది మార్చుకుంటాం, పట్టీ ఎన్నేళ్లయినా ఉంటుంది. ఇప్పుడొచ్చే ఎల్ఈడీ పట్టీలు చాలావాటిని విప్పడానికే వీలుండదు. డబ్బా మీద 25,000 గంటలు, 50,000 గంటలు అని ఉంటుంది. అది చాలాసార్లు లోపలి చిప్ వెలుగు 70 శాతానికి తగ్గేవరకు పట్టే కాలం. దానికి కరెంటు అందించే డ్రైవర్ అంతకాలం ఉంటుందన్న హామీ కాదు. డ్రైవర్‌లోని కెపాసిటర్లకు వేడి పడదు. వంటింట్లో వేడి, ఆవిరి, నూనెపొగ అన్నీ చేరేది పైకప్పు దగ్గరికే. ముందు పోయేది డ్రైవర్, దానితో పాటు బాగున్న చిప్పులన్నీ చెత్తలోకి పోతాయి. దీన్ని పొదుపు అంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఆ గుయ్యిమనే పట్టీకి ఎలక్ట్రానిక్ చోక్ వేయించండి. అది సెకనుకు వేల సార్లు నడుస్తుంది కాబట్టి మోత, మినుకు రెండూ పోతాయి. మంచి ట్రైఫాస్ఫర్ ట్యూబ్ (లోపల మూడు రంగుల వెలుగునిచ్చే పూత ఉన్నది) 3,300 ల్యూమెన్ల దాకా వెలుగు ఇస్తుంది, ల్యూమెన్ అంటే వెలుగు కొలత. 18 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు చాలావరకు 2,000 దగ్గరే ఆగుతాయి. ముందు అది చూసుకోండి.

లెక్కచూద్దాం:
ఆ 3,300 మొత్తం కిందికి రాదండి. ట్యూబ్ చుట్టూ వెలుగు చిమ్ముతుంది. సగం పైకప్పు మీద, దుమ్ము పట్టిన పట్టీ మీద పడి, కొంతే తిరిగి వస్తుంది. ఎల్ఈడీ వెలుగు దాదాపు అంతా కిందికే. అయినా 2,000 ల్యూమెన్లకు బదులు 2,400 పైన ఉన్నది తీసుకోవడం మేలు.

కరెంటు లెక్క: ఒక లైటుకు తేడా 27 వాట్లు అనుకోండి. రోజుకు 4 గంటల చొప్పున ఏడాదికి సుమారు 39 యూనిట్లు. రెండింటికీ కలిపి 80కి దగ్గర. ఎక్కువసేపు వెలిగే ఇంట్లో ఇది పెద్ద మాటే, రోజుకు అరగంట వాడేచోట కాదు. ముందు మీ లైటు ఎన్ని గంటలు వెలుగుతుందో చూడండి.

రంగుతేడా:
అందరూ వాట్లు, ల్యూమెన్లు అంటున్నారు. వంటింట్లో నాకు ముఖ్యం రంగు. కోస్తున్నది తాజాగా ఉందా, వేగుతున్నది సరైన రంగుకు వచ్చిందా అని కంటితోనే కదా చూసేది.

తెల్ల ఎల్ఈడీలు చాలావరకు నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూసి చేసినవి. చవక వాటిలో ముదురు ఎరుపు తక్కువగా ఉంటుంది. సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కి వేసే మార్కు) 80 అని రాసి ఉన్నా మోసపోవచ్చు, ఎందుకంటే ఆ సగటు తీసేది ఎనిమిది లేత రంగుల మీద. ముదురు ఎరుపును ఆర్9 అని వేరే కొలుస్తారు. 80 ఉన్న లైటులో కూడా ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు. అందుకే వంటింటికి సీఆర్ఐ 90 ఉన్నదే అడగండి, ఆర్9 విలువ రాసి ఉంటే అది 50కి పైన ఉండాలి. అలాగని పాత ట్యూబ్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మామూలు హాలోఫాస్ఫేట్ (పాతకాలపు పూత) ట్యూబుల సీఆర్ఐ సుమారు 50, 75 మధ్యే. ట్రైఫాస్ఫర్ అయితేనే 80 దాటేది.

తెలుపు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు, 6,500 కెల్విన్ నీలంగా కొడుతుంది, 2,700 పసుపుగా ఉంటుంది. పని చేసుకునే బల్ల మీదికి నేను 4,000 చెబుతాను.

పాదరసం_మాట:
ట్యూబ్‌లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. తినే పదార్థాలు పెట్టుకునే చోట అది పగలడం నాకు నిజంగా భయం. పగిలితే ముందు కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చి, కాసేపటి తర్వాత గట్టి అట్టముక్కతో ఎత్తి, సన్నటి పొడిని టేపుతో అద్ది మూత ఉన్న సీసాలో వేయాలి. వాక్యూమ్ క్లీనర్, చీపురు వాడకూడదు.

ఇంకొకటి. పాదరసం మీద మినమాటా ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది. 2023లో జెనీవాలో కూర్చున్న సభ్యదేశాలు మామూలు వెలుగుకు వాడే ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులకు గడువు పెట్టాయి. హాలోఫాస్ఫేట్‌కు 2026, ట్రైఫాస్ఫర్‌కు 2027. కొత్త ట్యూబులే దొరకనప్పుడు ఎలక్ట్రానిక్ చోక్ వేయించి ఏం లాభం?

పాతవెలుగు:
సరే, గడువు మాట బలమైనదే, కొత్త చోక్ మీద ఖర్చు పెట్టమని ఇక చెప్పను. కానీ బాగా వెలుగుతున్న రెండో ట్యూబ్‌ను ఇప్పుడు పారేసినా, పూర్తిగా అయిపోయాక పారేసినా అందులో పాదరసం అంతే. దాన్ని చివరిదాకా వాడుకుని, మామూలు చెత్తలో కాకుండా పాత ట్యూబులు తీసుకునే చోట ఇవ్వాలి. కొనే ఎల్ఈడీకైనా డ్రైవర్ విడిగా మార్చుకునేలా ఉండాలి. ఈ రెండు విషయాల్లో నేను వెనక్కి తగ్గను.

తీగలపని:
డ్రైవర్ విడిగా ఉండే పట్టీలు ఉన్నాయండి, అడిగితే చూపిస్తారు. ఆవిరి తగిలే చోటైతే ఐపీ44 (నీటి తుంపర్లను తట్టుకునే రేటింగ్) గానీ అంతకన్నా మంచిది గానీ తీసుకోండి. పొయ్యికి సరిగ్గా పైన మాత్రం ఏదీ బిగించొద్దు.

మినుకు చూడాలంటే ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయండి. పాత చోక్‌తో ట్యూబ్ 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ మీద 120 సార్లు మినుకుతుంది. నాసిరకం డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ కూడా అంతే, ఒక్కోసారి అంతకన్నా ఘోరం. వీడియోలో వెలుగు ఎగసిపడుతుంటే ఆ సరుకు వెనక్కి ఇచ్చేయండి.

స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ సన్నగా వెలుగుతుంటే ఊరుకోవద్దు. స్విచ్‌లో ఇండికేటర్ ఉంటే అలా కావచ్చు. అది లేకపోతే స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను ఆపుతోందేమో టెస్టర్‌తో చూపించుకోండి. అలా ఉంటే లైటు ఆరినా పట్టీలో కరెంటు ఉన్నట్టే. మార్చే పనికి స్విచ్ ఆపడం చాలదు, మెయిన్ ఆపాల్సిందే.

అన్నట్టు, మీరు అడగలేదు గానీ, పైకప్పు లైటు మీ వెనక ఉంటే కోసే బల్ల మీద మీ నీడే పడుతుంది. లైటు ఎంత మంచిదైనా ఆ నీడ పోదు. పై అలమర అడుగున, ముందు అంచుకు దగ్గరగా, సన్నటి ఎల్ఈడీ స్ట్రిప్‌ను అల్యూమినియం పట్టీలో పాల అద్దంలాంటి మూతతో పెట్టించండి. మూత లేకపోతే మెరిసే బల్ల మీద చుక్కలు చుక్కలుగా కళ్లల్లో కొడుతుంది.

వంటిల్లు_ప్రశ్న:
అందరికీ ధన్యవాదాలు. మా వంటింట్లో లైట్లు రోజుకు ఐదు గంటల పైనే వెలుగుతాయి. గుయ్యిమనేదాన్ని పట్టీతో సహా తీసేసి, డ్రైవర్ విడిగా ఉన్న 4,000 కెల్విన్, సీఆర్ఐ 90 ఎల్ఈడీ పెట్టిస్తాం. బాగున్న ట్యూబ్‌ను అది పోయేదాకా పక్కనే ఉంచుదామనుకుంటున్నాం.

రంగుతేడా:
పక్కపక్కన మాత్రం వద్దండి. ఒకటి నీలి తెలుపు, ఒకటి లేత పసుపు తెలుపు అయితే ఒకే వస్తువుకు రెండు రంగుల నీడలు పడతాయి, అసలు రంగు ఏదో తెలియదు. ఆ ట్యూబ్ మీద 6,500 అని ఉందా, 4,000 అని ఉందా ముందు చూడండి.

వంటిల్లు_ప్రశ్న:
చూశాను, 6,500. అయితే దాన్ని పట్టీతో సహా సామాన్ల గదికి మారుస్తాం. అక్కడ ఎప్పుడో గానీ లైటు వేయం.

పాతవెలుగు:
అది బాగుంది. అక్కడ అల్మారాల అంచులు తగలని ఎత్తులో బిగించండి.