యూకే వెళ్లేలోపు బాబుకి ఫోనిక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి నుంచి:

అందరికీ నమస్తే. మావారికి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో జాబ్ వచ్చింది, వీసాలు కూడా అయిపోయాయి. ఆగస్టులో ప్రయాణం. బాబుకి మేలో అయిదు నిండాయి, ఇక్కడ యూకేజీ అయింది. ఎ బి సి డిలు, "సి ఎ టి క్యాట్" లాంటి చిన్న చిన్న స్పెల్లింగులు గడగడా చెప్పేస్తాడు. కానీ ఎప్పుడూ చూడని మాట చూపిస్తే మాత్రం నా మొహం చూస్తాడు. అక్కడ అంతా ఫోనిక్సేనని (అక్షరాల ధ్వనులు కలిపి చదవడం), ఒకటో క్లాసులోనే దాని మీద పరీక్ష కూడా ఉంటుందని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మా వీధి చివర క్రాష్ కోర్సు బోర్డు ఉంది, చేర్పించమంటారా? ఇప్పటి నుంచే ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడాలని మావారి పట్టు. మా అత్తమ్మకేమో తెలుగు తప్ప రాదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

నిజాంపేట నుంచి (చాలా ఏళ్లు రెడింగ్‌లో ఉండి వచ్చాం):

కంగ్రాట్స్ చెల్లీ. ముందు క్లాసు సంగతి తెలుసుకో. ఇంగ్లండ్‌లో ఆగస్టు 31 లోపు అయిదు నిండిన పిల్లలు సెప్టెంబరులో ఇయర్ 1లో కూర్చుంటారు. మీవాడూ అంతే. వాడి పక్కన కూర్చునే పిల్లలు అప్పటికే రిసెప్షన్ అనే క్లాసులో ఏడాది పాటు రోజూ ఫోనిక్స్ చేసి ఉంటారు. తేడా వచ్చేది అక్కడే, తెలివిలో కాదు. ఆ ఏడాది పాఠాన్ని అందుకోవాలి, అంతే.

నువ్వు విన్న పరీక్ష నిజమే. 2012 నుంచి ఉంది, ఇయర్ 1 చివర్లో, జూన్‌లో పెడతారు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడికి తెలిసిన టీచరే 40 మాటలు చదివిస్తారు. అందులో 20 అసలు మాటలు, 20 అర్థం లేని ఉత్తుత్తి మాటలు. ఉత్తుత్తి మాట పక్కన వింత జీవి బొమ్మ ఉంటుంది, అది దాని పేరన్నమాట. ఈ మధ్య ఏళ్లలో 32 వస్తే చాలంటున్నారు. రాకపోతే క్లాసులో ఆపేయరు, స్కూల్లో అదనంగా సాయం చేసి ఇయర్ 2లో ఆ పరీక్షే మళ్లీ పెడతారు. మన యాస కూడా లెక్కలోకి తీసుకుంటారు, యాసని బట్టి తప్పు వేయకూడదని టీచర్లకి చెప్పే ఉంటుంది. కాబట్టి దాన్ని పట్టుకుని నిద్ర పాడుచేసుకోకు.

ఆ ఉత్తుత్తి మాటలు ఎందుకంటే, చూసి గుర్తుపెట్టుకున్న మాటని పిల్లలు చదివినట్టే చెప్పేస్తారు. మీవాడు "సి ఎ టి క్యాట్" అన్నది అలాంటిదే. బట్టీ పట్టని మాట వచ్చినప్పుడు ఏం చేస్తాడన్నదే అక్కడ చూస్తారు.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో చెప్తా. చాలా వీడియోల్లో, ఇక్కడి కొన్ని క్లాసుల్లో కూడా, ఎస్ అంటే "స", ఎమ్ అంటే "మ", టి అంటే "ట" అని నేర్పుతున్నారు. దాంతోనే వస్తుంది చిక్కు. స, అ, ట అని చెప్పి కలపమంటే పిల్లవాడు "సఅట" అంటాడు కానీ "స్యాట్" అనడు. ఆ చివర అంటుకునే అచ్చు తీసేయాలి. ఇంగ్లిష్ వాళ్లకి ఇది నేర్పడానికి ట్రైనింగ్ కావాలేమో కానీ మనకి చిన్నప్పటి నుంచి పొల్లు తెలుసు. స్, మ్, ట్, న్: అదే కావాల్సింది. గుణింతం వచ్చిన ఇల్లు మీది. హల్లుకి అచ్చు చేర్చడం అత్తమ్మకి నీళ్లు తాగినంత తేలిక.

మొదట అక్కడ సాధారణంగా నేర్పేవి ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్. ఈ ఆరుతోనే పిన్, టిన్, టిప్, ట్యాప్, ప్యాన్, నిప్ లాంటి మాటలెన్నో వస్తాయి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం అక్షరాలు కొను, అన్నీ ఒకేసారి బయట పెట్టకు, ఈ ఆరే పెట్టు. సాగదీయడానికి వీలయ్యే ధ్వనితో మొదలయ్యే మాటలు ముందు తీసుకో: "స్‌స్‌స్‌ఇట్", "న్‌న్‌న్‌ఇప్". ట్, ప్ సాగవు, పొట్టిగా కొట్టి వదిలేయాలి. ఎ అక్షరం ధ్వనికి మాత్రం "యా" అని రాసుకున్నా అలా పలకకు. మనలో చాలామంది "మేక" అన్నప్పుడు ఆ ఏ ఎంత వెడల్పుగా వస్తుందో చూడు, దాన్ని కొంచెం కుదించు.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మన నోట్లో చాలా ఇంగ్లిష్ మాటలకి చివర ఒక ఉకారం వచ్చి కూర్చుంటుంది. కప్పు, బస్సు, పెన్ను, బెడ్డు. తెలుగులో మాట్లాడేటప్పుడు అది సరైనదే, అత్తమ్మని సరిదిద్దకండి. కానీ పిల్లవాడు "కప్"లో ధ్వనులు లెక్కపెట్టేటప్పుడు క్, అ, ప్ అని ఆగకుండా ఉ కూడా కలిపి నాలుగు వేళ్లు చూపిస్తాడు. మా పాప "బస్సు"లో ఆ చివరిదాన్ని ఏ అక్షరంతో రాయాలని అడిగేది. ఆటలో మాత్రం కప్, బస్, పెన్ అని కోసేసి పలకండి, వారంలో వాడే కోయడం మొదలుపెడతాడు.

థ్, వి, డబ్ల్యూ తర్వాతి సంగతి. వెట్ అనే మాట రెండు రకాలుగా ఉంటుంది ఇంగ్లిష్‌లో: వి తో పశువుల డాక్టరు, డబ్ల్యూతో తడి. వి అయితే పై పళ్లు కింది పెదవిని తాకాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబెట్టి చూపిస్తే నవ్వుకుంటూ నేర్చుకుంటారు. 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు రాయాలి కాబట్టి ఎస్-హెచ్ కలిసి ష్, డబుల్ ఇ కలిసి ఈ లాంటి జంటలు వస్తాయి. అవి అక్కడ టీచర్లు ఎలాగూ నేర్పుతారు, నువ్వు ఇప్పుడు వాటి జోలికి పోకు. ది, వాజ్, సెడ్ లాంటి లెక్క తప్పిన మాటలూ అంతే.

స్కూల్ మొదలయ్యాక సంచిలో చిన్న పుస్తకం పంపుతారు. ఇంటికొచ్చి చదివించి, రీడింగ్ రికార్డ్ అనే నోట్‌బుక్‌లో ఒక లైన్ రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం మరీ చిన్నది, వారం ఒకటే ఏంటని కోపం రావచ్చు. నేర్పిన ధ్వనులు మాత్రమే అందులో ఉంటాయి, అందుకే అంత తేలిగ్గా ఉంటుంది. బొమ్మ చూసి ఊహించనివ్వకు, వేలుతో కింద గీస్తూ చదవమను.

క్రాష్ కోర్సు వద్దు. ఫీజుల సంగతి కాదు, ఆ "స, మ, ట" అలవాటైతే అక్కడికెళ్లాక మాన్పించడం ఇంకో పని. ఇంట్లో తెలుగు ఆపడం అంతకంటే వద్దు. కథ వినడం, మాట పట్టుకోవడం ఏ భాషలో వచ్చినా చదువుకి పనికొస్తాయి. ఇంగ్లిష్ వాడికి స్కూల్లో రోజంతా దొరుకుతుంది. అత్తమ్మ దగ్గర దొరికే తెలుగు అక్కడ దొరకదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి:

నేను ఇక్కడే యూకేజీ టీచర్ని, ఒక మాట కలుపుతా. అక్కయ్య చెప్పిన దాంట్లో చాలావరకు ఒప్పుకుంటా, కానీ ధ్వనులు నేర్పుతున్నామని అక్షరాల పేర్లని (ఎ, బి, సి) మరీ తీసిపారేయకండి. స్పెల్లింగ్ నోటితో చెప్పాలంటే పేర్లే కావాలి. ఇక్కడ మా ఇబ్బంది వేరే. క్లాసులో 40 మంది ఉంటే ఒక్కొక్కరి చేత కలిపి చదివించే టైమ్ ఉండదు, అందుకే డిక్టేషన్, బట్టీ. తల్లిదండ్రులు కూడా ఎన్ని పేజీలు రాశాడని అడుగుతారు కానీ కొత్త మాట చదివాడా అని అడగరు. మీవాడికి రాసే అలవాటు బాగానే ఉండి ఉంటుంది, కర్సివ్ రాస్తున్నాడేమో చూడండి. అక్కడ స్కూల్ ఏ రకం రాత అడుగుతుందో కనుక్కున్నాక కావాలంటే మార్చండి.

మాంచెస్టర్ నుంచి:

ఇక్కడికొచ్చాక సీటు కోసం స్కూల్ చుట్టూ తిరగకండి, ఇల్లు ఏ కౌన్సిల్ కిందికొస్తే ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఎలా అప్లై చేయాలో చూడండి. ఆగస్టంతా స్కూళ్లు మూసి ఉంటాయి, ఎవరూ ఫోన్ ఎత్తరు. ఇంకోటి, ఈ 40 మాటల పరీక్ష ఇంగ్లండ్‌లోనే. మా చెల్లెలు వాళ్లు గ్లాస్గోలో ఉన్నారు, అక్కడ లేదు. పిల్లవాడికి ముక్కు దిబ్బడ, చెవి నొప్పి తరచూ వస్తుంటే బయల్దేరే ముందే హైదరాబాద్‌లో చెవి డాక్టరుకి చూపించుకోండి. సరిగ్గా వినపడకపోతే స్, ఫ్, థ్ అన్నీ ఒకేలా ఉంటాయి పిల్లలకి.

కూకట్‌పల్లి నుంచి:

థాంక్యూ అక్కా, థాంక్యూ టీచర్‌గారూ. క్రాష్ కోర్సు మానేశాం. చెవి చూపించడానికి గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మావారికి ఈ మెసేజులన్నీ చూపించా, ఇంగ్లిష్ మాత్రమే అనే మాట ఆపారు. ఒకటే డౌట్. అత్తమ్మ నేనూ ఏదైనా నేర్పుతా అంటున్నారు. ఆవిడకి ఇంగ్లిష్ అక్షరాలు రావు కదా, ఏం చేయించాలి?

నిజాంపేట నుంచి:

అక్షరాలు అక్కర్లేదు చెల్లీ, అంత్యాక్షరి ఆడమను. పాటలతో కాదు, మాటలతో. ఆవిడ "పలక" అంటే వాడు క తో "కలం" అనాలి. మాటని ముక్కలుగా వినడం దాంతోనే అలవాటవుతుంది. కాస్త చేయి తిరిగాక ఇంకో ఆట: ఆవిడ "మ్... ఊ... డ్... ఉ" అని విడదీసి చెప్తే వాడు "మూడు" అనాలి, తర్వాత వాడు విడదీస్తే ఆవిడ కలపాలి. ఫోనిక్స్ క్లాసులో చేయించేది ఇదే, తెలుగులో. ఫ్రిజ్ అక్షరాలు మాత్రం చిన్న ఎ బి సిలవి కొను, పెద్దవి కాదు. కోఠిలో దొరుకుతాయి, పెట్టె తెరిచి చూసి తీసుకో, చాలా సెట్లలో పెద్ద అక్షరాలే ఉంటున్నాయి.