న్యూయార్క్ డిస్కవరీ చట్టం: 35 రోజుల గడువు ఎవరి మెడకు?

వాదప్రియ:
2025 మేలో న్యూయార్క్ రాష్ట్రం బడ్జెట్‌తో పాటే డిస్కవరీ చట్టాన్నీ (ప్రాసిక్యూటర్ తన దగ్గరున్న ఆధారాలు ముద్దాయి వైపుకు ముందే ఇవ్వాలనే చట్టం) సవరించింది. ఆగస్టు నుంచి అమలు. పోలీసు వీడియోలు, వాంగ్మూలాలు, ల్యాబ్ రిపోర్టులు అవతలివాళ్లు అడగకపోయినా ప్రాసిక్యూటరే ఇవ్వాలన్న నియమం అలాగే ఉంది. కానీ అన్నీ ఇచ్చేశానని ఆయన సర్టిఫికెట్ వేశాక, అది తప్పని సవాలు చేయడానికి డిఫెన్సుకు, అంటే ముద్దాయి తరఫు లాయరుకు, 35 రోజులే. ఇది ముద్దాయి పీక నొక్కడమే అంటాను.

పాత ఫైలు:
పెద్ద మాటండీ అది. 2020 నుంచి ఏం నడిచిందో చూడండి. ఫెలనీ (పెద్ద నేరం) అయితే ఆరు నెలల్లో, చిన్న నేరమైతే 90 రోజుల్లో లేదా ఇంకా ముందే ప్రాసిక్యూటర్ ట్రయల్‌కు సిద్ధమనాలి. సర్టిఫికెట్ చెల్లకపోతే ఆ మాటా చెల్లదు, గడువు దాటితే కేసే పోతుంది. లోపం కనిపించినా కొందరు లాయర్లు నోరు మెదపకుండా గడువు తీరేదాకా కాచుకున్నారని ప్రాసిక్యూటర్లు మొత్తుకున్నారు. ఇంట్లో దెబ్బలు తిన్నావిడ కేసు ఏదో ఒక కాగితం అందలేదని కొట్టేస్తే ఆవిడకేం చెప్తారు? ఇప్పుడు జడ్జి ఆ ఒక్క కాగితాన్నే కాదు, ప్రాసిక్యూటర్ చేసిన ప్రయత్నం మొత్తాన్నీ చూస్తాడు.

వాదప్రియ:
ఆవిడ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, నిజమే. కానీ రెండో పోలీసు ఒంటి మీదా కెమెరా ఉందని తెలిస్తే కదా ఆ వీడియో రాలేదని అడిగేది! ఫైల్లో ఏముందో తెలిసినవాడు ఒకడు, గడువు మాత్రం తెలియనివాడికి. నెలల తర్వాత బయటపడితే ఆలస్యానికి సంజాయిషీ కూడా నేనే చెప్పుకోవాలి. పబ్లిక్ డిఫెండర్ (లాయరును పెట్టుకోలేనివాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వాదించే లాయరు) చేతిలో ఒకేసారి పదుల కేసులు, ఒక్కోదాంట్లో గంటల కొద్దీ వీడియో.
ఇంకోటి. అమెరికా రాష్ట్రాల కోర్టుల్లో పడే శిక్షల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్లేనని 2012లో అమెరికా సుప్రీంకోర్టే రాసింది. ట్రయల్ దాకా వెళ్లేది ఎవరు? ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకునే రోజుకే ఫైలు చేతిలో ఉండాలి. 2020కి ముందు చాలా కేసుల్లో అది ట్రయల్ గుమ్మంలో గానీ వచ్చేది కాదు. డిఫెన్సు లాయర్లు ఆ పాత చట్టాన్ని కళ్లకు గంతలు కట్టే చట్టమన్నది ఊరికే కాదు.

చదువరి:
నేను లాయర్ని కాను. మీ ఇద్దరి మాటలు విన్నాక నాకనిపించేది, కాగితాలు ఆగేది పోలీసుల దగ్గరే కదా? ప్రాసిక్యూటర్ కంప్యూటర్లో పోలీసు రికార్డులు నేరుగా తెరుచుకుంటే సగం తగాదా ఉండదు.

పాత ఫైలు:
దానికి నేనూ సరే. అది జరిగేదాకా మాత్రం 35 రోజులు ఉండాల్సిందే.

వాదప్రియ:
అది జరిగేదాకా ఆ గడువు ఆపమని నేనంటున్నా.